అపశ్రుతి ఎక్కడుంది: చెవిలోనా, అలవాటులోనా?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సంస్కృతి గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు బాగా చెప్పారు. నేను పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునే మనిషిని. అందుకని మన పాట గురించే మాట్లాడతాను గానీ, చెవి వైపు నుంచి, మెదడు వైపు నుంచి మాట్లాడతాను.

మన పేపర్లలో ఒక మాట తరచుగా కనిపిస్తుంది. జాతరలో ఎవరైనా వాగులో పడితే "జాతరలో అపశ్రుతి" అని రాస్తారు. పెళ్లిలో టెంటు కూలితే "పెళ్లిలో అపశ్రుతి". సంగీతంలో స్వరం తప్పడానికి పెట్టుకున్న పేరు ప్రమాదానికి పేరైపోయింది. తెలుగులో శ్రుతి తప్పడమంటే అంత పెద్ద విషయమన్నమాట. ఆ మాటను ఎవరైనా మన పాట మీద వేస్తే అది మామూలు విమర్శలా తగలదు, దెబ్బలా తగులుతుంది.

కొన్నేళ్ల కింద ఒక జిల్లా స్థాయి పోటీకి మా ఊరి పిల్లలను తీసుకెళ్లాను. పేరు వద్దు, ఎక్కడైనా జరిగేదే. పదిహేను మంది ఆడపిల్లలు చేతులు పట్టుకుని పాడారు. న్యాయనిర్ణేత కాగితం మీద "ఉత్సాహం బాగుంది, శ్రుతి లేదు" అని రాశారు. ఆయన చెడ్డవాడేం కాదు, చదువుకున్న సంగీతం మాస్టారే. పిల్లలు తిరుగు ప్రయాణంలో బస్సులో నన్ను అడిగింది ఒక్కటే: "సార్, మాకు చెవి లేదా?" ఇది గాయకుల ప్రశ్నలా కనిపిస్తుంది, కానీ నిజానికి సైన్సు ప్రశ్న. రెండు స్వరాలు కలిశాయని, కలవలేదని చెప్పేది ఎవరు? ప్రకృతా? చెవా? మెదడా? మాస్టారా? దీనికి జవాబు ఈ నూట యాభై, నూట అరవై ఏళ్లలో కొంత తేలింది. చాలా భాగం ఈ పదిహేనేళ్లలోనే తేలింది. అందులో ఒక ముఖ్యమైన భాగం మనలాంటి అడవి మనుషుల దగ్గరే తేలింది.

ముందు చెవి సంగతి.

రెండు ఫోన్లు తీయండి. టోన్ జనరేటర్ అని వెతికితే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. ఒక ఫోన్‌లో 440 హెర్ట్జ్ పెట్టండి, అంటే సెకనుకు 440 సార్లు వణికే శబ్దం. రెండో ఫోన్‌లో 442 పెట్టండి. (సభలో ఇది వినిపించాం. చదువుతున్నవాళ్లు ఇంట్లో చేసి చూడండి.) రెండు శబ్దాలు వినపడవు. ఒకటే శబ్దం, వావ్, వావ్ అని సెకనుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. రెండు అలలు ఒకసారి కలిసి ఎగుస్తాయి, ఒకసారి ఒకదాన్నొకటి అణుచుకుంటాయి. తేడా ఎన్ని హెర్ట్జ్ అయితే సెకనుకు అన్ని ఊపులు. ఇప్పుడు రెండో ఫోన్‌ను మెల్లగా పెంచండి. 445, 450, 460. ఊపులు లెక్కపెట్టలేనంత వేగమవుతాయి, తర్వాత ఊపుగా కాక గరగరగా వినిపిస్తాయి. 470 దగ్గర మొహం చిట్లించుకుంటారు. ఇంకా పెంచుతూ పోండి, 560, 600. గరుకు పోయి, రెండు వేర్వేరు శబ్దాలు నున్నగా వినిపిస్తాయి.

ఈ గరుకు ఎక్కడ పుడుతోంది? చెవి లోపల, నత్తగుల్లలా రెండున్నర చుట్లు చుట్టుకున్న ఒక గొట్టం ఉంది. కాక్లియా అంటారు. చాపితే 35 మిల్లీమీటర్లు, మీ చూపుడువేలులో సగం ఉంటుంది. దాని పొడవునా ఒక పొర పరిచి ఉంటుంది. మొదట్లో ఇరుకుగా, బిగువుగా ఉంటుంది, చివరికి వచ్చేసరికి వెడల్పుగా, వదులుగా ఉంటుంది. అందుకని సన్నటి శబ్దానికి మొదటి భాగం ఎక్కువగా ఊగుతుంది, బొంగురు శబ్దానికి చివరి భాగం ఊగుతుంది. ఒక్కో స్వరానికి ఆ పొర మీద ఒక్కో చోటు ఉంది. ఈ అలను కళ్లతో చూసి చెప్పినవాడు హంగరీలో పుట్టిన జార్జ్ వాన్ బెకెషీ. చనిపోయిన మనుషుల చెవులను మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. 1961లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

రెండు స్వరాలు దూరంగా ఉంటే పొర మీద వాటి చోట్లు వేరు. ఎవరి పొలం వాళ్లు దున్నుకుంటారు. దగ్గరగా ఉంటే ఇద్దరూ ఒకే చెలక మీదికి నాగళ్లు తోలినట్టు అవుతుంది. ఒకే చోటున్న కణాలు రెండింటికీ స్పందించాల్సి వస్తుంది. ఆ గుంజులాటే మనకు గరుకుగా తెలుస్తుంది. ఇది మొదట గట్టిగా వాదించినవాడు జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్, 1863లో. వందేళ్ల తర్వాత, 1965లో, ప్లాంప్, లెవెల్ట్ అనే ఇద్దరు డచ్ పరిశోధకులు ఆ పొలం గట్టు ఎంత వెడల్పో కొలిచారు. 500 హెర్ట్జ్ చుట్టుపక్కల అది దాదాపు 100 హెర్ట్జ్ వెడల్పు. అందులో నాలుగో వంతు దూరంలో రెండు స్వరాలుంటే గరుకు అన్నిటికంటే ఎక్కువ. ఇందాక 470 దగ్గర మీ మొహాలు ఎందుకు చిట్లాయో తెలిసింది కదా.

ఒక్క మాట పక్కకు పోయి చెప్తాను, ఏమనుకోవద్దు. ఆ పొర మీద శబ్దాన్ని మెదడుకు అందించే ముఖ్యమైన రోమకణాలు ఒక్కో చెవిలో సుమారు 3,500. వాటికి సాయపడేవి మరో 12,000. అంతే. చచ్చిపోతే మళ్లీ మొలవవు, జుట్టులాంటివి కావు. 85 డెసిబెల్స్ శబ్దం రోజుకు ఎనిమిది గంటల దాకా పర్వాలేదంటారు. అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కు గడువు సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలే. డీజే బాక్సు ముందు రాత్రంతా ఎగిరే తమ్ముళ్లు ఈ లెక్క ఇంటికెళ్లి వేసుకోండి.

అసలు విషయానికి వద్దాం. ఫోన్ శబ్దం ఒంటి స్వరం. మన గొంతు గానీ, కిక్రి తీగ గానీ ఒంటి స్వరం కాదు. 200 హెర్ట్జ్ దగ్గర పాడితే 200తో పాటు 400, 600, 800, 1000 ఇలా దాని గుణిజాలన్నీ వస్తాయి. ఎక్కాల పుస్తకం అనుకోండి. సా 200 అయితే పా 300. సా ఎక్కం: 200, 400, 600, 800, 1000, 1200. పా ఎక్కం: 300, 600, 900, 1200. 600 దగ్గర, 1200 దగ్గర రెండూ ఒకే అంకె మీద కూర్చున్నాయి. గుంజులాట తక్కువ. అదే సా పక్కనే ఉన్న రిషభం తీసుకుంటే 213 చిల్లర. దాని ఎక్కం 213, 426, 639. అంటే 200 పక్కన 213, 400 పక్కన 426, 600 పక్కన 639. ప్రతి మెట్టు మీదా తోపులాటే. పైథాగరస్ చిన్న అంకెల నిష్పత్తులు తియ్యగా ఉంటాయని చెప్పాడంటారే, 2:1, 3:2, 4:3 అని, దాని వెనక ఉన్న చెవి లెక్క ఇది. మన దేశంలో భరతుడి నాట్యశాస్త్రం ఇలా కలిసే స్వరాన్ని సంవాది అంది, పడని స్వరాన్ని వివాది అంది. సంవాదం, వివాదం. మంచి మాటలు. ఇవాళ ఒకటి మనుషులు మాట్లాడుకోవడానికి, ఇంకొకటి కొట్లాడుకోవడానికి వాడుతున్నాం.

దీన్నుంచి వాయిద్యం సంగతి కూడా వస్తుంది. పిల్లనగ్రోవిలో పై గుణిజాలు బలహీనం. పెప్రెలాంటి నాలుక వాయిద్యంలో బాగా బలం. అవే రెండు స్వరాలు రెండు పిల్లనగ్రోవుల మీద కాస్త నున్నగా, రెండు పెప్రెల మీద బాగా గరుకుగా వినిపిస్తాయి. స్వరాలు మారలేదు, వాయిద్యం మారింది. కాబట్టి ఫలానా రెండు స్వరాలు ఎప్పుడూ అపశ్రుతే అని వాయిద్యం పేరు చెప్పకుండా తీర్పు ఇవ్వడం కుదరదు.

డప్పు, తుడుం సంగతి ఇంకా వేరు. బిగించిన చర్మం తీగలా ఎక్కం చదవదు. మొదటి స్వరం 1 అనుకుంటే తర్వాతివి 1.59, 2.14, 2.30 అని చిల్లరగా వస్తాయి. మృదంగానికి మధ్యలో నల్లటి పూత పెట్టి ఈ చిల్లరను సరిచేసి ఎక్కంలోకి తెచ్చారు. ఆ గుట్టును సి.వి. రామన్ 1920లో కలకత్తా నుంచి రాసి ప్రపంచానికి చెప్పారు. అది గొప్ప పనితనమే. అయితే డప్పుకు ఆ పూత లేకపోవడం లోటని నేను అనుకోను. మృదంగం ఒక శ్రుతికి కట్టుబడి ఉంటుంది. గాయకుడు శ్రుతి మారిస్తే దాన్నీ మార్చుకోవాలి. డప్పుకు గట్టిగా చెప్పుకునే స్వరం లేదు కాబట్టి పాడేవాళ్లు ఏ శ్రుతి ఎత్తుకున్నా దానితో తగాదా లేదు. ఆరుబయట, వందమంది, ఎవరు ఎప్పుడు పాట అందుకుంటారో తెలియని చోట కావాల్సింది అదే. మంట దగ్గర కాచేది కూడా స్వరం కోసం కంటే బిగువు కోసం. తేమకు చర్మం సాగుతుంది, వేడికి బిగుస్తుంది.

ఇంతవరకు చెప్పింది వింటే, తీర్పు అంతా చెవే ఇచ్చేస్తోంది కదా అనిపిస్తుంది. గరుకుగా ఉంటే అపశ్రుతి, నున్నగా ఉంటే శ్రుతి. చాలాకాలం సైన్సూ అలాగే అనుకుంది.

కానీ ఇంకో పరీక్ష చేయండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 440ని ఎడమ చెవికి, 470ని కుడి చెవికి పంపండి. గరుకు దాదాపు మాయమైపోతుంది. రెండు స్వరాలు రెండు వేర్వేరు పొరల మీద పడ్డాయి, పొలాలే వేరయ్యాయి మరి. గరుకే మొత్తం కథ అయితే, అలా విన్నప్పుడు కలవని స్వరాలు కూడా బాగానే ఉండాలి. 2010లో జోష్ మెక్‌డెర్మాట్, ఆండ్రూ ఆక్సెన్‌హామ్, వాళ్ల సహచరులు అమెరికాలో ఇది పరీక్షించారు. అక్కడి శ్రోతలు చెరో చెవిలో విన్నా కలవని స్వరాలు బాగాలేవనే అన్నారు. అంటే మెదడు ఇంకేదో చూస్తోంది.

ఏం చూస్తోంది? పోలిక చూస్తోంది. మీ ఫోన్ స్పీకరు బటన్ అంత ఉంటుంది. మగ గొంతులోని 100 హెర్ట్జ్ అడుగు స్వరం దాంట్లోంచి సరిగా రానే రాదు. అయినా ఫోన్‌లో నాన్న మాట్లాడితే నాన్న బొంగురు గొంతే వినిపిస్తుంది, పిల్లవాడి గొంతు వినిపించదు. ఎందుకంటే 200, 300, 400, 500 వచ్చాయి. "ఇవన్నీ 100 ఎక్కంలో అంకెలు కదా, అయితే ఇంటి పెద్ద 100 అయి ఉండాలి" అని మెదడు లెక్కగట్టి, లేని స్వరాన్ని వినిపిస్తుంది. పిల్లలను చూసి ఏ ఇంటివాళ్లో పోల్చుకునే ముసలవ్వలా. చెవి నుంచి బయల్దేరే నరాలు 4,000 హెర్ట్జ్ దాకా శబ్దపు వణుకుతో పాటే కొట్టుకుంటాయి. ఆ లయలు మెదడు కాండం నుంచి పైకి పోతూ ఎక్కడ కలుస్తున్నాయో అక్కడ ఒక కుటుంబం అని తేలుతుంది. సా, పా కలిపి వింటే 200, 300 రెండూ ఒకే ఇంటి బిడ్డలని మెదడు గుర్తుపడుతుంది. పక్కపక్క స్వరాలకు అలాంటి ఇంటి పేరు సులువుగా దొరకదు.

మెక్‌డెర్మాట్ బృందం గమనించిన ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఈ ఒకే కుటుంబపు శబ్దాలంటే ఇష్టం, ఎన్నేళ్లు సంగీతం నేర్చుకున్నారో దాన్నిబట్టి పెరిగింది. గరుకంటే అయిష్టం అలా పెరగలేదు. 2012లో కెనడాలో పుట్టుకతోనే సంగీతం పట్టుబడని మనుషుల మీద పరీక్ష చేశారు. వాళ్లు కూడా గరుకును ఇష్టపడలేదు. కలిసే స్వరాలకు, కలవని స్వరాలకు మాత్రం తేడా చూపలేదు. అంటే గరుకు ఒకటి, కలవకపోవడం ఒకటి. రెండింటికీ మనం ఒకే పేరు పెట్టి కూర్చున్నాం.

ఇప్పుడు అడవికి పోదాం. మన అడవి కాదు. దక్షిణ అమెరికాలో బొలీవియా దేశం, అమెజాన్ పరీవాహకపు పల్లపు అడవులు. అక్కడ చిమానె అనే ఆదివాసులున్నారు. పోడు చేసుకుంటారు, చేపలు పడతారు, వేటాడతారు. వాళ్లకు పాటలున్నాయి, వాయిద్యాలున్నాయి. కానీ వేర్వేరు స్వరాలను ఒకేసారి కలిపి పాడే పద్ధతి వాళ్ల సంప్రదాయంలో లేదు. మెక్‌డెర్మాట్, రికార్డో గొడోయ్, మరికొందరు కలిసి వాళ్ల దగ్గరికి వెళ్లి స్వరాల జంటలు, గుంపులు వినిపించి, ఎంత నచ్చిందో చెప్పమన్నారు. కలిసేవి, కలవనివి రెండూ. అదే ప్రశ్న దగ్గర్లోని శాన్ బోర్హా పట్నంలో, రాజధాని లాపాజ్‌లో, అమెరికాలో సంగీతం నేర్చినవాళ్లను, నేర్వనివాళ్లను కూడా అడిగారు. ఫలితం 2016లో నేచర్ పత్రికలో వచ్చింది.

అమెరికా వాళ్లకు కలిసేవి బాగా నచ్చాయి. సంగీతం నేర్చినవాళ్లకు ఇంకా ఎక్కువ. పట్నం వాళ్లు, రాజధాని వాళ్లు మధ్యలో ఉన్నారు. చిమానె వాళ్లకు రెండూ సమానంగా నచ్చాయి.

వాళ్లకు చెవి లేదనుకుందామా? పరిశోధకులు ఆ అనుమానం కూడా తీర్చుకున్నారు. గరగరలాడే శబ్దం వినిపిస్తే చిమానె వాళ్లూ వద్దన్నారు, అందరిలాగే. నవ్వుల శబ్దాలు నచ్చాయన్నారు, అందరిలాగే. తేడా కనిపెట్టమంటే కనిపెట్టారు. 2020లో మరో పరీక్ష వచ్చింది. రెండు స్వరాలు కలిపి వినిపించి ఒకటా, రెండా అని అడిగారు. కలిసే స్వరాల జంటను ఒకటే అని పొరపడటం చిమానె వాళ్లలోనూ అమెరికన్లలోనూ ఒకేలా ఉంది. ఆ జంట ఒకే ఇంటిదని వాళ్ల మెదడూ పోల్చుకుంది. అయితే ఏంటి, అంది. ఒకే ఇంటివాళ్లు కనపడినంత మాత్రాన అది అందం కావాలని ఎక్కడుంది?

ఈ విషయం మీద అందరూ ఒక్క మాట మీద లేరు. 1996లో నాలుగు నెలల పసిపిల్లలకు వినిపించినప్పుడు కలిసే స్వరాలవైపే ఎక్కువసేపు చూశారని ఒక అధ్యయనం చెప్పింది. 2014లో ఆరు నెలల పిల్లలతో చేసినదాంట్లో అలాంటి మొగ్గు కనిపించలేదు, ముందు విని అలవాటైన వాటివైపే ఎక్కువ చూశారు. ఈ వాదన ఇంకా నడుస్తోంది. నాకు అర్థమైనంతవరకు ఇలా చెప్తాను: గరుకు చెవిది, పోలిక మెదడుది, ఇష్టం పెరిగిన ఇంటిది. మొదటి రెండూ మనుషులందరికీ చాలావరకు ఉమ్మడి ఆస్తి. మూడోది ఉమ్మడి కాదు.

గరుకు కూడా అందరికీ చేదు కాదు, అదీ విచిత్రం. కారం నాలుకను మండిస్తుంది, అయినా కారం లేని కూర మనకు దిగదు. బాలి ద్వీపంలో గామెలాన్ అనే లోహ వాయిద్యాల మేళం ఉంది. వాటిని జతలుగా చేస్తారు. జతలో ఒకదాన్ని కావాలనే కొద్దిగా తగ్గించి శ్రుతి చేస్తారు. రెండూ కలిపి కొడితే ఇందాక మన ఫోన్లలా వావ్ వావ్ అని ఊగుతుంది. దాన్ని ఓంబక్ అంటారు, అల అని అర్థం. ఆ అల లేకపోతే వాళ్లకు వాయిద్యం చచ్చినట్టే. లిథువేనియాలో ఆడవాళ్లు పాడే సుతార్తినెస్ పాటల్లో పక్కపక్క స్వరాలను ఒకేసారి పట్టి పాడతారు, పియానో మాస్టారు వింటే చెవులు మూసుకునేవి. యునెస్కో 2010లో వాటిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పేరు వచ్చిన మాటకు అర్థమేంటో తెలుసా? ఒద్దికగా ఉండటం, ఒప్పుకోవడం. ఒకరికి కొట్లాటలా వినిపించేది పాడేవాళ్లకు ఒద్దిక.

యూరప్‌లో కూడా ఇవాళ అందరూ తియ్యగా అనుకునే సా, గా జంటను పాతకాలంలో కలిసే జంటల్లో లెక్కపెట్టలేదు. కొన్ని వందల ఏళ్లకు దాన్ని ఇష్టపడ్డారు. చెవి మారలేదు, అలవాటు మారింది.

ఇక హార్మోనియం, కీబోర్డు. న్యాయనిర్ణేతల చెవి ఎక్కువగా వీటి మీదే తయారైంది కాబట్టి ఈ లెక్క మీకు తెలియాలి. సా 240 హెర్ట్జ్ అనుకోండి. అచ్చంగా కలిసే గాంధారం 5:4 నిష్పత్తిలో, అంటే 300. కీబోర్డులో పన్నెండు మెట్లూ సమానంగా కోస్తారు కాబట్టి అక్కడ గాంధారం 302.4 అవుతుంది. సా ఎక్కంలో అయిదోది 1200. కీబోర్డు గా ఎక్కంలో నాలుగోది 1209 పైన. రెండింటికీ తేడా తొమ్మిది, పది. సెకనుకు తొమ్మిది, పది ఊపుల గరుకు ప్రతి కీబోర్డు పాటలోనూ ఉంది. రోజూ వింటాం కాబట్టి వినపడదు. ఇదే కారణంతో, గమకాలు పలకదన్న కారణంతో కూడా, ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని బయటపెట్టింది. 1971 దాకా రానివ్వలేదు. ఒకనాడు శ్రుతి లేదని గెంటేసిన పెట్టెనే ఇవాళ శ్రుతికి కొలబద్ద చేసి మన పిల్లల పక్కన పెడుతున్నారు. హార్మోనియం మీద నాకు కోపం లేదు, మా బడిలోనూ ఒకటుంది. కొలబద్ద ఎవరి చేతిలో ఉందో చూడండి అంటున్నాను, అంతే.

అలాగని మనకు శ్రుతే లేదు, ఎలా పాడినా చెల్లుతుందని ఎవరూ అనుకోకండి. అది ఇంకా పెద్ద అన్యాయం. కిక్రి పట్టిన ప్రధాన్ కళాకారుడు పాట మొదలుపెట్టే ముందు తీగలు ఎంతసేపు సవరించుకుంటాడో చూడండి. తీగ జారితే పక్కనున్నవాళ్లు మొహం చూసుకుంటారు. రేల పాటలో కొత్త పిల్ల గొంతు ఎక్కువ ఎత్తితే పెద్దామె మోచేత్తో పొడుస్తుంది. నియమం ఉంది. కాగితం మీద లేదు, అంతే. సకిని రామచంద్రయ్య గారు డోలి పట్టుకుని సమ్మక్క సారలమ్మ కథ పాడుకుంటూ 2022లో పద్మశ్రీ దాకా వెళ్లారు. ఆయన పాట వరుసలో ఏ మలుపు ఎందుకు అలా ఉందో చెప్పగలిగే పుస్తకం నాకు ఎక్కడా దొరకలేదు. అది ఆయనతో పాటు విన్నవాళ్ల చెవుల్లో ఉంది. ఆయన 2024లో వెళ్లిపోయారు.

పదిహేను మంది చెల్లెళ్లు ఒకే వరుస పాడినప్పుడు ఏమవుతుంది? ఏ రెండు గొంతులూ అచ్చంగా ఒకే అంకె మీద ఉండవు. ఒకరు 250, ఒకరు 251, ఒకరు 248. జంటజంటకూ ఒక మెల్లని ఊపు, ఒక్కో జంటకు ఒక్కో వేగం. అన్నీ కలిసి పాటకు ఒక వెడల్పు వస్తుంది, చెరువు మీద గాలి తగిలినట్టు. గుంపు పాట గుంపు పాటలా వినిపించడానికి కారణం ఆ చిన్న తేడాలే. ఆ న్యాయనిర్ణేత శ్రుతి లేదన్నది దీన్నే. అందరినీ ఒకే అంకె మీదికి తెస్తే పదిహేను మంది కాదు, ఒకే మనిషి గట్టిగా పాడినట్టుంటుంది.

ఇవాళ ఇది ఊహ కాదు, ఒక్క క్లిక్కు. ఆటో ట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ 1997లో వచ్చింది. చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం భూమి లోపలి శబ్దతరంగాల లెక్కలు చేసినవాడు. పాడిన స్వరాన్ని అది దగ్గర్లోని కీబోర్డు మెట్టు మీదికి లాగేస్తుంది. మీలో చాలామంది మన పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. సంతోషం. పట్నంలో స్టూడియోకు తీసుకెళ్తే అక్కడి అబ్బాయి అడగకుండానే దాన్ని ఆన్ చేస్తాడు, ఆయనకది మొహం కడగడం లాంటిది. అవ్వ రెండు మెట్ల మధ్య ఎక్కడో నిలిపిన స్వరం ఉంటుంది. ఆమె అక్కడ నిలపాలనే నిలిపింది, వాళ్లమ్మ దగ్గర అలాగే విన్నది. ఆ స్వరం మెట్టెక్కి కూర్చుంటుంది. రేపు మీ పిల్లలు ఆ పాటను ఫోన్‌లోనే నేర్చుకుంటారు. పోలిక మెదడుది, ఇష్టం పెరిగిన ఇంటిది అన్నాను కదా. ఆ ఇల్లు ఇప్పుడు మీరు అప్‌లోడ్ చేసే ఫైలు.

కాబట్టి కొన్ని పనులు. పెద్దవాళ్ల పాట మొదట ఇంటి దగ్గరో, చెట్టు కిందో, వాళ్లు మామూలుగా పాడేచోటే రికార్డు చేయండి. కరోకే ట్రాక్ చెవిలో పెట్టి పాడించొద్దు, ట్రాక్ శ్రుతి వాళ్ల గొంతును లాగేస్తుంది. ఫోన్‌లోనే చేసినా వేవ్ ఫార్మాట్‌లో సేవ్ చేయండి, ఎంపీ త్రీ చేస్తే కొన్ని పై గుణిజాలు కోసుకుపోతాయి. ఆ ఫైలు పేరు ముందు పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ పెట్టి, ఏ మార్పూ చేయకుండా రెండు చోట్ల దాచండి. తర్వాత మీ ఇష్టం, కీబోర్డు వేసుకోండి, డీజే కలుపుకోండి, పెళ్లిలో ఎగరండి. కొత్తది చేయొద్దనే హక్కు నాకు లేదు, నేనూ ఎగురుతాను. అసలు ఫైలు మాత్రం అలాగే ఉండాలి. స్టూడియోలో కూర్చున్నప్పుడు పిచ్ కరెక్షన్ ఆపమని ముందే చెప్పండి. అవి అపశ్రుతులని ఆయన అంటే, గొడవపడకుండా అవ్వ చేత అదే పాట మూడుసార్లు పాడించండి. మూడుసార్లూ ఆమె గొంతు అదే చోట నిలిస్తే అది తప్పు కాదు, పాటలోదే. ట్యూనర్ యాప్ పెట్టి ఆ అంకె రాసుకోండి కూడా. అలా వంద పాటల అంకెలు పోగైతే మన శ్రుతి ఏమిటో మనమే కాగితం మీద పెట్టొచ్చు. పోటీలకు ఆ కాగితమే తీసుకెళ్లొచ్చు.

భోజనాలకు పిలుస్తున్నారు. రెండు మైకులు, ఒక చిన్న రికార్డరు తెచ్చాను. పొద్దున పాడిన చెల్లెళ్లు మళ్లీ పాడతామన్నారు. నేర్చుకోవాలనుకునేవాళ్లు తిన్నాక ఆ చింతచెట్టు దగ్గరికి రండి. అక్కడ జనరేటర్ శబ్దం వినపడదు.